నిలకడ లేని వాటర్‌మార్క్

"మూలన పెడితే కత్తిరించేస్తారండీ," అంది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి.

క్లాసంతా వెనక్కి తిరిగింది. బోర్డు దగ్గర నిలబడి మార్కరుతో తల గోక్కుంటున్న అతను కూడా ఆగి చూశాడు.

అది లైబ్రరీ మేడమీద గది. ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో వీడియోలు ఎడిట్ చేయడం ఎలాగో ప్రతి శనివారం మధ్యాహ్నం అతను అక్కడ నేర్పుతాడు. మిగతా రోజుల్లో ఒక చిన్న మీడియా ఆఫీసులో ఎడిటరు. ఐదు నిమిషాలు ఒకచోట కుదురుగా ఉండలేడు. వాళ్ళ అక్క లెక్కలో అతను పుట్టడమే అరికాళ్ళ కింద నిప్పులు పెట్టుకుని పుట్టాడు. పాఠం చెప్పేటప్పుడూ అంతే. కిటికీ దగ్గర మొదలుపెట్టిన వాక్యాన్ని తలుపు దగ్గర పూర్తిచేస్తాడు. వినేవాళ్ళ మెడలు అటూ ఇటూ తిరిగి నొప్పి పుడతాయి.

ఆ రోజు పాఠం వాటర్‌మార్క్. కింది ట్రాక్‌లో వీడియో పెట్టుకోవాలి, పై ట్రాక్‌లో మీ పేరున్న బొమ్మ పెట్టుకోవాలి, దాన్ని వీడియో చివరిదాకా సాగదీయాలి, చిన్నది చేసి కుడివైపు కింది మూలకి జరపాలి, కాస్త పలచబరిస్తే చూసేవాళ్ళకి అడ్డం రాదు అని చెప్పి, అయిపోయిందనుకుంటున్న సమయానికి ఈ మాట వచ్చి పడింది.

"ఎవరు కత్తిరిస్తారు?" అన్నాడతను.

"దొంగలు."

క్లాసు నవ్వింది. ఆమె నవ్వలేదు. ఫోన్ పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చి రెండు వీడియోలు చూపించింది. మొదటిదాంట్లో ఒక పెద్దాయన చేతులు. సన్నటి పట్టకారుతో చేతిగడియారంలోంచి వెంట్రుక లాంటి స్ప్రింగ్‌ని పైకి తీస్తున్నాయి. కుడి మూలన చిన్న అక్షరాల్లో ఒక షాపు పేరు ఉంది. రెండోదాంట్లో అవే చేతులు, అదే స్ప్రింగ్. కాకపోతే కొంచెం దగ్గరగా ఉన్నాయి. షాపు పేరు లేదు. ఆ చోట గుండ్రటి నారింజ రంగు లోగో మెరుస్తోంది.

అతని చేతిలోంచి మార్కరు జారి కింద పడింది.

ఆ లోగో అతని ఆఫీసుది. అక్కడ దాన్ని అంటించింది అతనే. రెండు నెలల కిందట మేనేజరు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, ఇందులో పదకొండు వీడియోలున్నాయి, మన లోగో వేసి పేజీలో పెట్టెయ్ అన్నాడు. అతను ప్రతి వీడియోనీ పది శాతం పెద్దది చేశాడు. మూలనున్న పేరు ఫ్రేము బయటికి పోయింది. ఎక్కడివని అడగలేదు. అడిగితే చెప్తారేమోనని అడగలేదు.

"చూశారుగా," అందామె. "చేసినవాడు మాత్రం పనిమంతుడే. ఎక్కడా అతుకు కనపడదు. ఇప్పుడు చెప్పండి సర్, ఎక్కడ పెట్టమంటారు?"

మధ్యలో పెట్టుకోవచ్చన్నాడతను. మధ్యలో పెడితే మా నాన్న చేతులు కనపడవు, చేతులు కనపడని వీడియో ఎవరికి కావాలి అందామె. వచ్చే శనివారం చెప్తానన్నాడు. అలాగే అని ఆమె మార్కరు తీసి అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అన్నం కలుపుతూ కలుపుతూ మూడుసార్లు లేచాడు. నీ కంచం చుట్టూ నువ్వే ప్రదక్షిణలు చేస్తున్నావేంట్రా అంది అక్క. ఏం లేదన్నాడు. ఏం లేకపోతే ఇన్నిసార్లు లేవరు, అమ్మాయా అని అడిగింది. అవునంటే సగం అబద్ధం, కాదంటే మిగతా సగం. అతను చెయ్యి కడుక్కోవడానికి నాలుగోసారి లేచాడు.

శనివారం దాకా ఆగలేకపోయాడు. బుధవారం ఆఫీసుకి సెలవు పెట్టి, వీడియోలో కత్తిరించి పారేసిన ఆ పేరునే వెతుక్కుంటూ వెళ్ళాడు.

షాపు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చూపించడం లేదు. లోపల బల్ల దగ్గర ఒక పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన, అదే ఎత్తు స్టూలు మీద, అదే భూతద్దంతో ఆమె.

"శనివారం అన్నారుగా?" అంది తల ఎత్తకుండానే.

"దారి దొరికింది. అందుకని వచ్చా."

నాన్నా, లైబ్రరీలో వాటర్‌మార్క్ నేర్పే సర్ ఈయనే అని పరిచయం చేసింది. పెద్దాయన భూతద్దం తీసి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"వాటర్‌మార్కా? అది పడకుండా చూడ్డానికే కదయ్యా ముప్ఫై ఏళ్ళుగా తంటాలు పడుతున్నా. లోపలికి నీళ్ళు పోతే డయల్ మీద పడే మరకేగా. దాన్ని నువ్వు నేర్పుతావా?"

కూతురు నవ్వేసింది. అతనూ నవ్వాడు. ఆ రెండు క్షణాలు అతని గుండె మీదున్న బరువు ఎటో పోయి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

అతనికి దొరికిన దారి ఇది. వాటర్‌మార్క్ ఒకచోట ఉంటేనే కదా కత్తిరించేది. దాన్ని కదిలిస్తే? ఆరు సెకన్లు పైన, ఆరు సెకన్లు పక్కన, చేతులు కుడివైపుంటే అది ఎడమకి, చేతులు ఎడమకొస్తే అది కిందికి. టైమ్‌లైన్ మీద ఎక్కడ కదలాలో అక్కడ ఒక చుక్క పెట్టుకుంటూ పోతే చాలు, మిగతాది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఆమె లాప్‌టాప్ మీద చేసి చూపించాడు. ఆమె కాసేపు స్క్రీన్ చూసింది, తర్వాత అతన్ని చూసింది.

"అచ్చం మీలాగే ఉంది. ఒక్కచోట నిలబడదు," అంది.

ఎవరైనా ఆ మాటంటే అతనికి ఒళ్ళు మండేది. ఆమె అంటే ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

చేయాల్సిన వీడియోలు అరవై నాలుగు. ఒక్కోదానికీ చుక్కలు విడిగా పెట్టుకోవాలి. అందుకని అతను వారానికి మూడు రోజులు ఆఫీసు అవగానే షాపుకి రావడం మొదలుపెట్టాడు. పనిలో పనిగా ఆమె అన్నీ చెప్పింది. నాన్న చేతులకి రెండేళ్ళ కిందట వణుకు మొదలైందట. మొదట్లో టీ కప్పు పట్టుకున్నప్పుడే. తర్వాత పట్టకారు పట్టుకున్నప్పుడు కూడా. ఆయనకు తెలిసినదంతా పోకముందే పట్టి ఉంచాలని ఆమె కెమెరా కొంది. పగలు తీసిన వీడియోని మర్నాడు పొద్దున్నే పక్కన పెట్టుకుని, అదే పని తన చేత్తో చేస్తుంది. కుదరకపోతే వెనక్కి జరిపి మళ్ళీ చూస్తుంది. మా నాన్నని వెనక్కి జరపలేను కదండీ, అందుకే వీడియో అంది నవ్వుతూ.

అతనికి నవ్వు రాలేదు. ఆ రోజే చెప్పేయాలనుకున్నాడు. నోరు తెరిచి, మంచినీళ్ళు అడిగాడు.

రెండోసారి వాన పడుతున్నప్పుడు అనుకున్నాడు. కరెంటు పోయి, గుమ్మంలో ఇద్దరూ నిలబడి ఉన్నారు. చూరు నీళ్ళు ఆమె అరచేతిలో పడుతుంటే, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి వదిలేస్తోంది. చెప్తే ఈ చెయ్యి మళ్ళీ చూడగలనా అనుకున్నాడు. గుమ్మం దిగి వానలోకి వెళ్ళి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగాడు. మీరు తడుస్తున్నారా, ఆరుతున్నారా అని అడిగిందామె.

మూడోసారి ఆమే ఆ మాట ఎత్తింది.

"ఆ దొంగ ఎవరో తెలిస్తే నేను తిట్టను," అంది, స్క్రీన్ మీద చుక్క పెడుతూ. "ఒక్క మాట అడుగుతా. స్ప్రింగ్ వీడియో చివర్లో నాన్న చెయ్యి వణుకుతుంది. నాలుగు సెకన్లు. మా పేరుతో పాటు ఆ నాలుగు సెకన్లూ కత్తిరించాడు. ఎందుకని?"

అతను చెప్పులేసుకుని, పనుందని చెప్పి బయటపడ్డాడు. ఆ పూట ఊళ్ళో అతను నడవని వీధి లేదు.

గురువారం ఆఫీసు పేజీకి ఒక మెయిల్ వచ్చింది. వచ్చిన మెయిళ్ళు విప్పి చూడటం అతని పనే. కొండ మీది పాత వేధశాల చూసుకునే అధికారి రాశాడు. నక్షత్రాల్ని చూసి టైము సరిపెట్టడానికి నూరేళ్ళ కిందట పెట్టుకున్న లోలకం గడియారం తమ దగ్గర ఆగిపోయి ఉందనీ, ముగ్గుర్ని పిలిస్తే ముగ్గురూ చేతులెత్తేశారనీ, మీ వీడియోలో ఉన్న ఆ చేతులు ఎవరివో దయచేసి చెప్పమనీ. నెలాఖరుకల్లా ఎవరూ దొరక్కపోతే దాన్ని విప్పి స్టోరు రూములో పెట్టేస్తారట.

మెయిల్ చూపిస్తే మేనేజరు చెయ్యి ఊపాడు. ఎవరివో చెప్తే మనవి కాదని ఒప్పుకున్నట్టే, జవాబివ్వకు అన్నాడు. వీడియోలు తీసేద్దామండీ అన్నాడతను. లోకంలో అందరూ చేసేదే, నువ్వొక్కడివే పతివ్రతవా అని మేనేజరు ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడటంలో పడ్డాడు. ఆ ఫోన్ అయ్యేలోగా అతను ఎదురు బల్ల దగ్గర నిలబడే పదకొండు వీడియోలూ ఒకటొకటిగా తీసేశాడు. వేధశాలకి షాపు పేరు, అడ్రసు రాసి పంపాడు. ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. అప్పటికీ మేనేజరు ఫోన్‌లో నవ్వుతూనే ఉన్నాడు.

అక్కణ్ణుంచి పరుగులాంటి నడకతో లైబ్రరీకి వెళ్ళాడు. పుస్తకాలు మార్చుకోవడానికి గురువారాలు ఆమె అక్కడికి వస్తుందని అతనికి తెలుసు. మెట్ల మీదే ఎదురైంది. చినుకులు మొదలయ్యాయి.

"ఆ దొంగని నేనే," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. అతను మొత్తం చెప్పాడు. పెన్‌డ్రైవ్, పది శాతం, నారింజ లోగో, అడగకపోవడం, మొదటి రోజే గుర్తుపట్టి కూడా నోరు మెదపకపోవడం. వేధశాల మెయిల్ సంగతి చెప్పి, దాని ప్రింటు ఆమె చేతికిచ్చాడు. ఆమె కాగితం చదవలేదు. అది తడుస్తుంటే మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

"నాలుగు సెకన్లు?" అంది.

"చూడలేకపోయా. అంతసేపు అంత నేర్పుగా పనిచేసిన చెయ్యి అలా వణకడం ఎవరూ చూడకూడదనిపించింది. అందుకే తీసేశా."

ఆమె ముఖం ఎర్రబడింది.

"ఆ నాలుగు సెకన్లు ఉంచడానికి నేనెంత ఏడ్చానో తెలుసా? తీసేద్దాం నాన్నా అంటే ఆయన ఒప్పుకోలేదు. చెయ్యి వణుకుతున్నా స్ప్రింగ్ మళ్ళీ లోపల కూర్చుంది కదా, అది కూడా నేర్చుకోవాల్సిందే అన్నారు. మీరు మా పేరు తీసేశారు, అది సరే. ఆయన చెప్పిన పాఠం కూడా తీసేశారు."

గొడుగు చేతిలోనే ఉంది. తెరవకుండానే వానలో వెళ్ళిపోయింది.

మూడు శనివారాలు ఆమె క్లాసుకి రాలేదు. షాపుకి వెళ్ళే ధైర్యం అతనికి లేదు. ఉద్యోగం వెతుక్కోవడానికని బయల్దేరి వీధులు తిరిగి వచ్చేవాడు. ఇంట్లో అక్క ఏమీ అడగడం మానేసింది. అది మరీ కష్టంగా ఉంది. మంచం మీద కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే ఎక్కడికైనా పోవాలనిపించేది, పోవాల్సిన చోటు మాత్రం ఒక్కటే.

నాలుగో శనివారం క్లాసు మొదలుపెట్టి వెనక్కి చూస్తే, ఆమె కూర్చునే చోట వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. రెండు గంటలూ నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అందరూ వెళ్ళాక అతను దగ్గరికి వెళ్ళి, తలొంచుకుని, క్షమించమని అడిగాడు.

"కూర్చో బాబూ," అన్నాడాయన. "వేధశాల వాళ్ళు వచ్చి బతిమాలి మరీ తీసుకెళ్ళారు. విప్పి చూశాం. ఒక పళ్ళచక్రం అరిగింది, కొత్తది చేశాం. రేపు బిగించాలి. చెయ్యి నాది కాదు, మా అమ్మాయిది. నేను పక్కనుండి చెప్తా. దాని రెండు చేతులూ గడియారంలో ఉంటే కెమెరా ఎవరు పట్టుకుంటారు?"

"మీ అమ్మాయి పిలవమన్నారా?"

"లేదే. పిలవొద్దంది. నిన్న సాయంత్రం నుంచి మూడుసార్లు అంది, ఆయన్ని మాత్రం పిలవొద్దు నాన్నా అని. నేను నీ మాటే ఎత్తలేదు."

అతను ఆయన ముఖంలోకి చూశాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో తెలియడం లేదు.

"ఇరవై రోజుల్నుంచి ఇల్లంతా తిరుగుతోంది," అన్నాడాయన లేస్తూ. "ఒకచోట నిలబడదు. ఆ రోగం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎక్కణ్ణుంచి అంటుకుందో కనుక్కుందామని వచ్చా. పొద్దున ఎనిమిదికి కొండ దగ్గర ఉండు."

ఏడింటికే ఉన్నాడు.

వేధశాలలో ఆ గడియారం మనిషి కంటే ఎత్తు. ఆమె చిన్న నిచ్చెన మెట్టు మీద నిలబడి ఉంది. అతన్ని చూసి, వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకుని ఇటు నిలబడండి అంది, అంతే. అతను కెమెరా పట్టుకున్నాడు. నాన్న ఒక్కో మాట చెప్తుంటే ఆమె ఒక్కో మర బిగిస్తోంది. నెమ్మదిగా, ఇంకొంచెం, చాలు, ఊపిరి వదులు. రెండున్నర గంటలు. చక్రం దాని గాడిలో కూర్చున్నప్పుడు చిన్న చప్పుడయింది. ఆమె లోలకాన్ని వేలితో పక్కకి లాగి వదిలింది. అది వెళ్ళింది. తిరిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. గదిలో ఉన్న ముగ్గురూ కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రం దాకా నడిచి, అప్పటికి ఎంత తేడా వస్తుందో రాసుకోవాలి అన్నాడు నాన్న. తన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టుకుని, నాకు టీ కావాలి, అదెక్కడ దొరుకుతుందో వేధశాల వాళ్ళని అడిగి వస్తా అని ఎవరూ ఏమీ అనకముందే వెళ్ళిపోయాడు.

ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. మధ్యలో గడియారం.

"ఆ పదకొండు వీడియోలూ తీసేశారట కదా," అందామె కొంతసేపటికి. "ఉద్యోగం కూడా వదిలేశారని లైబ్రరీలో విన్నా. ఆ రోజు నాకు చెప్పలేదు."

"చెప్తే మీరు జాలిపడేవాళ్ళు. నాకు కావాల్సింది అది కాదు."

"ఏం కావాలి?"

అతను లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"మీరంటే నాకు ఇష్టం. మొదటిసారి మీ షాపుకి వచ్చిన రోజే తెలుసు. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ముందు ఆ దొంగతనం అడ్డొచ్చేది. అది చెప్పకుండా ఇది ఎలా చెప్పను?"

లోలకం కేసి చూస్తూనే అందామె.

"ఇది ముందు చెప్పి ఉంటే అది ఎప్పటికీ చెప్పేవాళ్ళు కాదు. నేనెప్పుడో తెలుసుకుని ఉంటే ఇక మీ ముఖం చూసేదాన్ని కాదు. ఈ వరసే మంచిదయింది."

"అంటే?"

"అంటే కోపం ఇంకా ఉంది. పోలేదు. అయినా మీరు రావడం మానేశాక కూడా రోజూ సాయంత్రం ఆరయితే గుమ్మంలోకి వెళ్ళి చూస్తున్నా. ఎందుకు చూస్తున్నానో నాకే తెలియక ఇంకో కోపం. అన్నీ కలిపి మీ మీదే." ఆగి, అతని వైపు తిరిగింది. "మీ అక్కగారిని వచ్చే ఆదివారం తీసుకురమ్మన్నారు నాన్న. ఆవిడకి గడియారం ఏదైనా బాగుచేయించుకోవాల్సి ఉంటే తెమ్మన్నారు, లేకపోయినా తెమ్మన్నారు."

అక్క దగ్గర ఉన్న ఒకే ఒక్క గడియారం సెకను తేడా లేకుండా నడుస్తోందన్నాడతను. దాన్ని దారిలో పాడుచేయడం మీకేం కష్టం అందామె. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది, కాస్త గట్టిగానే.

తలుపు దగ్గర నాన్న టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళిద్దర్నీ చూశాడు, గడియారం చూశాడు.

"ఇక్కడ ముగ్గురెందుకు, కాపలా నేనుంటా," అన్నాడు. "సాయంత్రం దాకా దీనికి మీతో పనిలేదు."

ఆమె అప్పటికే లేచి నిలబడి ఉంది.

"కూర్చోలేకపోతున్నారు కదా?" అని అడిగింది అతన్ని.

"లేదు, ఫరవాలేదు, కూర్చుంటా."

"నాకైతే ఒక్క క్షణం కూర్చోబుద్ధి కావడం లేదు. పదండి, నడుద్దాం," అని అతని కంటే ముందే గుమ్మం దాటి కొండ దారి పట్టింది.